పెద్ద కుక్కకు చిన్న పేరు

పోయిన కార్తీకంలో మా ఇంటికి ఒక కుక్క వచ్చింది. గ్రేట్ డేన్ జాతి, ఆడది. నిలబడితే దాని వీపు మా భోజనం బల్ల ఎత్తు ఉంటాది. బెంగళూరు అవతల ఏదో ఫామ్‌హౌస్ వాళ్ళు రోడ్డు పక్కన వదిలేసి పోయినారంట. మా కూతురు దాన్ని ఒక కుక్కల ఆశ్రమం నుంచి తెచ్చుకునింది. తెచ్చుకున్నాక తెలిసింది, రెండు గదుల ఫ్లాటులో అది తోక ఊపితే టీ కప్పులు నిలవవని. కారులో ఎక్కించుకొచ్చి హొసూరులో మా పెరట్లో దించింది. "నాయనా, నువ్వు ఖాళీగానే ఉండావు కదా" అనింది. ముప్పై నాలుగేండ్లు బ్యాంకులో ఊరి సొమ్ముకు కాపలా ఉన్నాను. ఇప్పుడు కాపలాకుక్కకు కాపలా.

కాపలా అనేది మాటకే. పాలామె దూడను తోలుకొస్తే ఇది నా వెనకాల దాక్కుంటాది. గోడ మీద బల్లి కదిలితే లేచి వేరే గదికి పోతాది. మనిషి పక్కన నిలబడితే బరువంతా మన తొడ మీద వాల్చేస్తాది. ఎనిమిదేండ్ల మా మనవరాలు చెవులు పట్టి ఊపినా కండ్లు మూసుకుంటాదే కానీ మూలగదు.

దానికి పేరు లేదు. పాత పేరు ఏదో ఉండే ఉంటాది, చెప్పేవాళ్ళు లేరు. ఆశ్రమంలో 'బిగ్ గర్ల్' అని పిలిచేవాళ్ళంట. అది పేరెట్ల అవుతాది? ఖాతా తెరిచేటప్పుడు పేరు గడిలో 'పెద్దామె' అని రాసినట్టు ఉండాది.

సరే, పేరు పెట్టాల. చుట్టాలు, ఇరుగుపొరుగు, నాతో పని చేసి రిటైరైన మిత్రులు, అందరూ తలా ఒకటి చెప్పినారు. అన్నీ ఒక పాత డైరీలో రాసుకుంటూ వచ్చినాను. ముప్పై దాటినాయి. ఒకనాడు కూర్చొని ఆ జాబితాను ఆడిట్ చేసినట్టు చూసినాను. చూస్తే అది కుక్కపేర్ల జాబితా మాదిరి అనిపించలేదు. మన హొసూరు తెలుగు ఎక్కడెక్కడ నోరు మూసుకునిందో చూపించే లెక్క మాదిరి అనిపించింది. అందుకే ఆ పేర్ల మీద నా విమర్శ ఇక్కడ రాస్తావుండాను.

జాబితాలో సగానికి పైన ఇంగ్లీషు పేర్లు. టైగర్, సీజర్, బ్రూనో, రోజీ, డచెస్, స్కూబీ. ఈ స్కూబీ అనేది 1969లో మొదలైన అమెరికా కార్టూనులోని కుక్క. అదీ గ్రేట్ డేనే, అదీ పిరికిదే, కాబట్టి సరిపోతాదని మా అల్లుడి వాదన. అమెరికాలో జ్యూస్ అని ఒక గ్రేట్ డేన్ ఉండేదంట. ప్రపంచంలో అన్నిటికంటే పొడుగు కుక్కగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది, 111.8 సెంటీమీటర్లు. గ్రీకుల దేవేంద్రుని పేరు దానికి. వాళ్ళ ఊళ్ళో వాళ్ళకు అది బాగుంటాది.

ఇంగ్లీషు పేరు మీద నా ఫిర్యాదు వేరే. పేరు ఒకటే రాదు, వెనకాలే భాష వస్తాది. 1990లలో మేము బ్యాంకు క్వార్టర్సులో ఉన్నప్పుడు ఒక టామీ ఉండేది. దాన్ని "టామీ, ఇట్ల రా" అని పిలిచినవాళ్ళు మా ఇంట్లో ఒక్కరు కూడా లేరు. "కమాన్ టామీ, సిట్ టామీ, గో టామీ." నేను కూడా అంతే. ఇంట్లో కుక్కతో ఇంగ్లీషు, బయట బడిలో ఇంగ్లీషు, తమిళం, అంగడిలో తమిళం, బాగలూరు రోడ్డు దాటితే కన్నడం. పిల్లలకు తెలుగు మిగిలింది అన్నం కాడ మాత్రమే. మా కూతురు తెలుగు మాట్లాడతాది. మా మనవరాలికి అర్థమవుతాది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తాది. 2006లో వచ్చిన చట్టంతో తమిళం తప్పనిసరై మన బడుల్లో తెలుగు తగ్గిందని సభల్లో మాట్లాడినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ మాట నిజమే. కానీ టామీతో ఇంగ్లీషు మాట్లాడమని నాకు ఏ చట్టమూ చెప్పలేదు.

ఇంకొకటి కూడా గమనించండి. మనం 'మా కుక్క' అనే మాటే మానేసినాము. 'మా డాగ్', 'మా పప్పీ' అంటాము. కుక్క అనేది తిట్టయి కూర్చునింది. పక్కింటి కన్నడమాయన, ఎదురింటి తమిళమాయన, ఇద్దరూ 'నాయి' అనే మాటనే తమతమ యాసల్లో అంటారు. వాళ్ళకూ అది తిట్టే, అయినా జంతువును ఆ మాటతోనే చెప్పుకుంటారు. మన ఇంట్లో మాత్రం కుక్క పోయి డాగ్ వచ్చింది.

రెండో రకం పురాణం పేర్లు. భైరవి, సరమ, హిడింబి. ధర్మపురి పక్క అదియమాన్‌కోటలో కాలభైరవుని గుడి ఉండాది, మన వైపు జనం అష్టమికి పోతారు. భైరవుని వాహనం కుక్క కాబట్టి భైరవి అంటే పుణ్యం కూడా అన్నారు. ఒక వారం పిలిచి చూసినాము. వారంలోనే చిక్కు వచ్చింది. అది నా చెప్పు నోట పట్టుకొని పోతావుంటే "ఛీ, భైరవీ, వదులు" అనాల్సి వస్తాది. మా ఇంటామె చెంపలేసుకొని "దేవుని పేరు పెట్టి ఛీ అంటారా" అనింది. పైగా భైరవి అంటే భయపెట్టేది. బల్లికి దడిసే దానికి ఆ పేరు అన్యాయం.

సరమ పేరు చెప్పిన మిత్రుడు తెలుగు చదువుకున్నవాడు. భారతం మొదట్లోనే జనమేజయుని తమ్ముళ్ళు ఒక కుక్కపిల్లను కొడతారు, దాని తల్లి సరమ వచ్చి న్యాయం అడుగుతాది. నన్నయ ఆదిపర్వంలో ఆ కథ ఉండాది. సరమ బిడ్డ కాబట్టి సారమేయం. అదే భారతం చివర ధర్మరాజు వెంబడి ఒక కుక్క కొండ ఎక్కుతాది. దానికి పేరే లేదు. మొదట్లో దెబ్బలు తిన్నదానికి తల్లి పేరు ఉండాది, చివర స్వర్గం వాకిలి దాకా నడిచినదానికి ఏ పేరూ లేదు. మంచి కథ. కానీ 'సరమా' అని పెరట్లో నిలబడి పిలిస్తే పక్కింటి సరోజమ్మ వాకిట్లోకి వచ్చేది. మనుషుల పేరుకు దగ్గరి పేరు కుక్కకు పెట్టగూడదని మా అవ్వ చెప్పేది. వీధిలో మొగం మొగం చూసుకోవాల కదా.

మూడో రకం పుస్తకం తెలుగు. 'జాగిలం అని పెట్టండి, అచ్చతెలుగు' అని ఒకాయన. జాగిలం అంటే వేటకుక్క, మంచి మాటే. కానీ ఈ కాలంలో ఆ మాట ఎక్కడ బతికుండాది? పేపర్లో, దొంగతనం వార్తలో, 'పోలీసు జాగిలాలు రంగంలోకి దిగాయి' అన్నకాడ. 'గ్రామసింహం' అని ఇంకొకాయన. అది ఎగతాళి మాట. నోట్లో లేని మాటను కుక్క మెడలో కడితే భాషకు సేవ చేసినట్టు అనుకుంటాము. పేరు గొప్ప, ఊరు దిబ్బ. రెండో రోజుకే అందరూ దాన్ని 'జాగ్స్' చేసేస్తారు.

నాలుగో రకం పేర్లు జాబితాలో రెండే వచ్చినాయి, రెండూ పెద్దవాళ్ళు చెప్పినవి. బొల్లి, కర్రి. బాగలూరు పక్క మా పల్లెలో నా చిన్నప్పుడు కుక్కల పేర్లు ఇవే. నల్లదైతే కర్రోడు, మొగం మీద తెలుపుంటే బొల్లిగాడు, ఎర్రదైతే ఎర్రిది. ఆవులకూ ఇవే పేర్లు. కన్నడ ఇండ్లలో కరియ, కెంచ అనేవాళ్ళు, అవీ రంగులే. మా అవ్వ కర్రోణ్ణి పిలిస్తే చెరువు కట్ట దాకా వినిపించేది. "కర్రోడా, ఓ కర్రోడా, రారా, సంగటి పెడతా." ఆ పిలుపులో కుక్కకు ఇంగ్లీషు రాదనే బాధ ఎవరికీ లేదు. నాకు ఈ పేర్లంటేనే ఇష్టం. కానీ మా కుక్క రంగు బూడిద రంగు. బూడిదమ్మ అంటే ఎవరూ ఒప్పుకోలేదు.

ఇక్కడ కొంచెం పాత కాలానికి పోవాల. ఎందుకంటే కుక్కపేర్లను రాతి మీద చెక్కినవాళ్ళు మనకు రెండు పక్కలా ఉండారు.

ఊత్తంగరై నుంచి సింగారపేట మీదుగా చెంగం పోతే, ఆ చుట్టుపక్కల ఎడుత్తనూరు అని ఒక ఊరు. అక్కడ పల్లవ మహేంద్రవర్మ కాలంనాటి, అంటే 7వ శతాబ్దంనాటి వీరగల్లు ఉండాది. రాసింది తమిళం, లిపి వట్టెళుత్తు. వీరుని పేరు కరుందేవక్కత్తి. ఆయన పడిపోయినాక ఆయన కుక్క ఇద్దరు దొంగలను కరిచి కాపలా నిలబడిందని రాసినారు. బొమ్మలో వీరుని వెనకాల కుక్క కూడా ఉండాది. ఆ కుక్క పేరు కోవివన్.

రెండోది పడమటి పక్క. మండ్య జిల్లా ఆతకూరు శాసనం, హళెగన్నడం. 949లో తక్కోలం యుద్ధంలో చోళ రాజకుమారుడు రాజాదిత్యుడు చచ్చిపోయినాడు. గెలిచింది రాష్ట్రకూట మూడో కృష్ణుడు. ఆ యుద్ధంలో గంగరాజు బూతుగుని బంటు మణలేరుణ్ణి మెచ్చుకొని ఏమి కావాల్నో అడగమన్నారు. ఆయన తన రాజు దగ్గరున్న వేటకుక్కను అడిగినాడు. దాని పేరు కాళి. ఆ కాళిని ఒక అడవి పంది మీదికి వదిలితే పందీ కుక్కా రెండూ చచ్చినాయి. దానికి రాయి నిలబెట్టినారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉండాది. మనకు గంటన్నర దారి. మనవరాల్ని తీసుకొని పోయి చూసినాను. పందీ కుక్కా కొట్లాడుకునే బొమ్మ ముందర అది చాలాసేపు నిలబడింది.

గ్రేట్ డేన్ కూడా అడవి పందుల వేటకు పెంచిన జాతే. జర్మనీ కుక్క. దానికీ డెన్మార్కుకూ ఏ సంబంధమూ లేదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్సు శాస్త్రవేత్త బుఫోన్ తన పుస్తకంలో దాన్ని 'పెద్ద డేన్' అన్నాడు, ఇంగ్లీషువాళ్ళు అదే పట్టుకున్నారు. 19వ శతాబ్దం చివర జర్మనీవాళ్ళు అది మా కుక్క అని గట్టిగా చెప్పి 'డాయిచ డోగ' అని పెట్టుకున్నారు. అయినా మిగతా లోకం మారలేదు. చూడండి, పేరు పెట్టినవాడు ఒకడు, పెంచినవాడు ఇంకొకడు అయితే జాతికి జాతే తప్పు పేరుతో బతకాల్సి వస్తాది. హొసూరు జనానికి ఇది కొత్త సంగతి కాదు.

కోవివన్, కాళి, కర్రోడు. ఈ మూడు పేర్లను పక్కపక్కన పెడితే నాకు మూడు కొలతలు కనిపించినాయి. పేరు పిలిచేదిగా ఉండాల, వాకిట్లో నిలబడి గొంతెత్తితే సాగాల. పేరు ఆ ఇంటి నోట్లో ముందే ఉన్న మాట కావాల. ఆ కుక్కకు తగినట్టుగా ఉండాల. జాబితాలోని ముప్పై పేర్లలో మూడు కొలతలకూ నిలిచింది ఒకటీ లేదు.

నాలుగో కొలత ఒకటి ఉండాది, అది మన ఊరికి మాత్రమే వర్తించేది. తమిళ లిపి. తప్పు పట్టడం లేదు, ఆ లిపి కట్టుబడి అట్లాంటిది. క, గ రెండింటికీ ఒకటే అక్షరం. త, ద లకూ అంతే, ప, బ లకూ అంతే. మాట మొదట్లో వస్తే గట్టిగా, నడుమ ఒంటిగా వస్తే మెత్తగా, జంటగా వస్తే మళ్ళా గట్టిగా చదువుతారు. తమిళంలో అచ్చయిన కార్డులు చూసి ఖాతాలు తెరిచినవాణ్ణి, నాకు తెలుసు. గోపప్ప 'కోబప్ప' అవుతాడు. తమిళంలో కోబం అంటే కోపం. పాపం ఆయన మెత్తని మనిషి. బొల్లి 'పొల్లి' అవుతాది, బుడ్డి 'పుట్టి' అవుతాది. మన ఊరి పేరే చూడండి. హొసూరు అనేది కన్నడం మాట, కొత్తూరు అని అర్థం. తమిళం బోర్డులో హ పోయి ఓసూరు అయింది. కుక్కకైనా డాక్టరు కాడ చీటీ ఉంటాది, పురపాలకం కాడ కాగితం ఉంటాది. పేరు ఆ లిపిలో దూరి ప్రాణంతో బయటికి రావాల.

తెలుగువాళ్ళ పేర్లలో ఇంకొక మంచి పద్ధతి ఉండాది. పెద్దదానికి చిన్న పేరు పెట్టడం. పల్నాటి కథలో కోడిపుంజు పేరు చిట్టిమల్లు. పోట్లాడి చంపే పుంజుకు చిట్టి! మన ఊళ్ళల్లో ఆరడుగుల మనిషిని చిన్నప్ప అంటాము. దిష్టి తగలకుండా అని కొందరు, ముద్దుకు అని కొందరు. కారణం ఏదైనా, పెద్ద ఆకారాన్ని పేరుతో ఇంటి కొలతకు తెచ్చుకుంటాము. సీజర్, జ్యూస్ అనే పేర్లు దీనికి తలకిందులు. పెద్దదాన్ని ఇంకా పెద్దది చేస్తాయి.

పేరు ఎట్ల దొరికిందో చెబుతాను. మాఘంలో దానికి జ్వరం వచ్చింది. రెండు రోజులు తిండి ముట్టలేదు. రోజూ పాలు పోసే ఆమె వాకిట్లో నిలబడి "ఇప్పుడు నెమ్మదిగా ఉండాదా అయ్యవారూ?" అని అడిగింది. సూళగిరి పక్క పల్లె ఆమె. నేను "నెమ్మదే" అన్నాను. అన్నాక ఆ మాట పట్టుకునింది.

నెమ్మది. మన తెలుగులో ఒళ్ళు కుదుటపడటం, మనసు చల్లబడటం. కన్నడంలో నెమ్మది అంటే ప్రశాంతి. కర్ణాటక సర్కారు ఒకప్పుడు పల్లెల్లో పెట్టిన కేంద్రాలకు 'నెమ్మది కేంద్రాలు' అని పేరు ఉండేది. తమిళంలో నిమ్మది, అదీ మనశ్శాంతే. మూడు ఇండ్ల వాళ్ళకూ తెలిసిన మాట. మెత్తని మనిషిని నెమ్మదస్తుడు అంటాము, మా కుక్కకు ఇంతకంటే సరైన మాట లేదు. తమిళ లిపిలో రాస్తే మొదట న, నడుమ ఒంటి త. ఒంటి త నడుమ మెత్తబడి ద లాగానే పలుకుతాది. కాబట్టి చెక్కుచెదరదు.

విమర్శకుడు తన సరుకును కూడా తూకం వేయాల. విజయవాడలో ఉన్న నా బ్యాచ్ మిత్రుడు ఫోనులో నవ్వినాడు. "నెమ్మదా? మందకొడి అని పెట్టినట్టుంది" అన్నాడు. వాళ్ళ వైపు నెమ్మది అంటే మొదట గుర్తొచ్చేది నిదానం, బండి నెమ్మదిగా పోనీ అనే అర్థం. ఆ అర్థం మనకూ ఉండాది. కానీ మన వైపు మొదటి అర్థం శాంతి. పక్కన కన్నడం, తమిళం ఉండబట్టి మన తెలుగులో ఆ అర్థం పచ్చగా నిలిచిందని నా అనుకోలు. మన యాసలో కన్నడం కలిసిందని, తమిళం కలిసిందని సిగ్గుపడేవాళ్ళకు నేను ఈ ఒక్క మాట చూపిస్తాను.

రెండో లోపం నిజమైనది. మూడు అక్షరాలు. పెరటి చివర నుంచి పిలిస్తే 'నెమ్మదీ' అనేటప్పటికి అది సగం దారిలో పడుకొని ఉంటాది. మనవరాలే దాన్ని 'నెమ్మి' చేసింది. పిల్లలు పేర్లను కురచ చేస్తారు కదా, అట్ల. ఆ సాయంత్రం పాత నిఘంటువు తీసి చూసినాను. నెమ్మి అంటే ప్రేమ అని ఉండాది, నెమలి అని కూడా ఉండాది. ఆ పిల్లకు నిఘంటువు సంగతి తెలియదు. ఆరు వందల పుటల పుస్తకంలో నిద్రపోతావున్న మాటను నాలుక తిరగక లేపింది.

ఇప్పుడు డాక్టరు చీటీలో నెమ్మి అనే ఉండాది. రాసినాయన తమిళం మనిషి, ఒక్కసారికే సరిగ్గా పలికినాడు.

గెలిచినానని చెప్పను. నిన్న సాయంత్రం మనవరాలు పెరట్లో నిలబడి అరిచింది. "నెమ్మీ, కమ్ ఈడికి! ఈడ కూచో, గుడ్ గర్ల్." పేరు పక్కన పెడితే మూడు మాటలు మనవి, మూడు వాళ్ళవి. టామీ కాలంలో మా లెక్క సున్నా. బ్యాంకులో మొండిబాకీ మీద రెండు రూపాయలు జమ అయినా సంతోషపడేవాళ్ళం, ఖాతా ఇంకా బతికుండాదని.

మీ అవ్వతాతలు ఉంటే అడగండి, వాళ్ళ ఇంట్లో కుక్కల పేర్లేమి, ఆవుల పేర్లేమి, ఎట్ల పిలిచేవాళ్ళు అని. తళి వైపు, డెంకణికోట వైపు, వేపనపల్లి వైపు వేరే వేరేగా ఉంటాయి. రాసిపెట్టుకోండి. వాటికి ఇప్పుడు రాయి నిలబెట్టేవాళ్ళు లేరు.